ఆపి చూసిన వేసవి

మా అన్నయ్య ఆఫీసులో ఖర్చులు తగ్గించే పని ఆ వేసవిలో నా మీద పడింది. పడిందనడం కంటే, వదిన ఏరికోరి నా నెత్తిన పెట్టిందనడం సబబు. ఇవాళ నేను నా కాళ్ళమీద నిలబడి ఉన్నానంటే అది ఆ నాలుగు నెలల పుణ్యమే. అప్పుడు మాత్రం ఆ మాట ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

అన్నయ్యది కాటాల వ్యాపారం. బంగారం కొట్లో వాడే అరచేతంత కాటా మొదలుకొని, లారీ ఎక్కి నిలబడే కాటా దాకా అమ్మడం, బాగుచేయడం, ఏటా సరిచూసి సీలు వేయించి ఇవ్వడం. ఆఫీసు ఒక పాత మేడలో రెండో అంతస్తు. ముందు ఒక హాలు, వెనక సామాన్లు పడేసుకునే చిన్న గది. గోడవార అన్నయ్య బల్ల, కిటికీ కింద మెకానిక్కుల బల్ల, తలుపు పక్కన లెక్కలు చూసే పెద్దాయన బల్ల. అన్నిటికీ చివర, ఫైళ్ళ బీరువాకి ఆనుకుని, నాది.

కాపురం చాలించుకుని, పాపను వెంటబెట్టుకుని నేను అన్నయ్య ఇంట్లో దిగి అప్పటికి ఏడాది దాటింది. వచ్చిన కొద్దిరోజులకే ఆ బల్లా కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. మెకానిక్కులు చేసిన ప్రతి పనికీ రిపోర్టు మూడు కాపీలు రాస్తారు. ఒకటి షాపువాళ్ళకి, ఒకటి పెద్దాయనకి, ఒకటి నాకు. ఆ మూడో కాపీని షాపుల వారీగా విడదీసి, చిల్లులు పొడిచి, ఫైళ్ళలో పెట్టడం నా ఉద్యోగం. జీతం వేళకి అందేది. దాంతోనే పాప స్కూలు ఫీజు కట్టుకునేదాన్ని. అన్నయ్య పంచన పడి తింటున్నాననే మాట నా మనసులోకి రాకుండా అడ్డం నిలబడింది ఆ జీతమే. ఎవరైనా "ఏం చేస్తున్నావ్?" అని అడిగితే "ఉద్యోగం" అని ఠక్కున చెప్పేదాన్ని.

ఎండలు ముదురుతుండగా అన్నయ్యకి దెబ్బ తగిలింది. ఊరంతా కొట్లున్న ఒక పెద్ద కంపెనీ కాటాల పని మాకే ఇచ్చేది. వాళ్ళు సొంతంగా మనుషుల్ని పెట్టుకుని మమ్మల్ని మానేశారు. ఆ సంగతి అన్నయ్య భోజనాల దగ్గర, కంచంలోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

"ఇప్పుడెలా మరి?" అన్నాను.

వదినే చెప్పింది. "వానలు పడేలోపు ఆఫీసు ఖర్చు బాగా దిగాలి. దిగకపోతే మెకానిక్కుల్లో ఒకర్ని పంపించెయ్యాలి."

"ఎవర్ని?"

"ఉన్నదే ఇద్దరు. వెనక వచ్చిన వాణ్ణే పంపిస్తాం."

వెనక వచ్చిన వాడంటే పొడుగు. నిజానికి అతను నా భుజం దాకా వస్తాడంతే. అందుకే అందరూ పొడుగు అని పిలిచేవారు, అతనూ పలికేవాడు. భార్యకి నెలలు నిండుతున్నాయి. అన్నయ్య చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"నా వల్ల కాదు," అన్నాడు. "ఏది ఆపమంటే ఏం చెప్పను?"

"మీ వల్ల కాదని నాకూ తెలుసు. టీ ఆపుదామని వెళ్ళి, వాళ్ళకి బిస్కెట్లు కూడా కొనిపెట్టి వస్తారు," అంది వదిన. "మీ చెల్లెలు చేస్తుంది."

వదినంటే నాకు అప్పట్లో బెదురు. ఆమె మాట్లాడేదే తక్కువ, మాట్లాడితే బిల్లు చదివినట్టు ఉండేది. నన్ను ఇంట్లో పెట్టుకోవడం, ఆఫీసులో కూర్చోబెట్టడం అంతా అన్నయ్య మంచితనమేననీ, వదిన పళ్ళబిగువున భరిస్తోందనీ నా గట్టి నమ్మకం. అందుకని ఇదేదో నాకు పెట్టిన పరీక్ష అనుకున్నాను.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను వదినా?"

"ఏది అక్కర్లేదో చెప్పండని అడిగితే ఎవరూ చెప్పరు. అన్నీ కావాలంటారు. కాబట్టి అడక్కు. ఏదో ఒకటి ఆపేసి ఊరుకో. వారం చూడు. ఎవరైనా వచ్చి ఏదీ అంటే మళ్ళీ పెట్టెయ్. అనకపోతే అది దండగ ఖర్చని లెక్క." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఇంట్లో నేను చేసేదీ అదే. ఒక పాల ప్యాకెట్టు తగ్గించి ఎన్నాళ్ళో అయింది. మీ అన్నయ్యకి ఇప్పటికీ తెలీదు."

"తెలుసు," అన్నాడు అన్నయ్య.

"తెలిసినా అడగలేదుగా."

మర్నాటి నుంచి నేను ఒక్కొక్కటే ఆపడం మొదలుపెట్టాను. మొట్టమొదట ఆపింది న్యూస్‌పేపరు. పెద్దాయన వచ్చి, గొడుగు మూలన పెట్టి, కుర్చీలో కూర్చోబోతూనే ఆగిపోయాడు. బల్లకింద చూశాడు. బీరువా వెనక చూశాడు. వంగి కుర్చీ కింద కూడా చూశాడు.

"అమ్మాయిగారూ, పేపరు ఏమైంది?"

వారం ఎక్కడిది, నిమిషం కూడా కాలేదు. మర్నాడు పేపరు మళ్ళీ వేయించాను. ఆ పేపరు చదివితే తప్ప ఆయనకి అంకెలు కనబడవని ఆ రోజే తెలిసింది. పొద్దుటి పని అంతా తప్పుల తడకగా చేసి, సాయంత్రం కూర్చుని దిద్దుకున్నాడు.

టీ కప్పులు చిన్నవి కొన్నాను. అందరూ రెండేసి తాగడం మొదలుపెట్టారు, ఖర్చు ఇంకా పెరిగింది. రెండో టెలిఫోను లైను ఆపించాను, ఎవరూ అడగలేదు. దానికి వచ్చేవన్నీ వేరే ఎవరికో చెయ్యబోయి చేసిన ఫోన్లే. ఓ మూలన ఫ్రిజ్ ఉండేది. అందులో ఒక నీళ్ళ సీసా, ఎప్పటిదో సగం విరిచిన చాక్లెట్ తప్ప ఏమీ లేవు. ప్లగ్గు పీకేశాను, ఎవరూ అడగలేదు. చాక్లెట్ ఎవరిదో కూడా తేలలేదు. పట్టపగలు వెలిగే లైట్లు సగం ఆర్పేశాను, ఎవరూ తల ఎత్తి చూడలేదు. నాకు హుషారు వచ్చేసింది. సాయంత్రం ఇంటికెళ్ళి ఏమేం ఆపానో వదినకి వప్పజెప్పేదాన్ని. ఆమె కూరగాయలు తరుగుతూ "ఊ" అనేది. ఆ ఊ కోసం నేను పొద్దుటి నుంచీ కాచుక్కూర్చునేదాన్ని.

ఆ హుషారులోనే ఏసీ మీద చెయ్యి వేశాను. కరెంటు బిల్లులో సింహభాగం దానిదే. ఏసీ ఆపించి, వెనకగదిలో దుమ్ము కొట్టుకుపోతున్న స్టాండు ఫ్యాను తుడిపించి హాలు మధ్యలో పెట్టించాను. అటూ ఇటూ మెడ తిప్పుతూ అందరికీ సమంగా గాలి పంచుతుంటే, ఈపాటి ఆలోచన వీళ్ళకి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదా అనుకున్నాను.

ఆ పూట పొడుగు ముందర బంగారం కొట్టువాళ్ళ కాటా ఉంది. చిటికెడు పొడి వేసినా చూపించే రకం. అద్దం మూత ఊడదీసి, శుభ్రం చేసి, సరిచూస్తున్నాడు.

"అక్కా, దీనికి పిచ్చెక్కింది," అన్నాడు కాసేపటికి. "పళ్ళెంలో ఏమీ లేకుండానే బరువు చూపిస్తోంది. చూస్తుండగానే సున్నాకి వస్తోంది. మళ్ళీ ఎక్కుతోంది."

విప్పాడు. బిగించాడు. మళ్ళీ విప్పాడు. రెండో మెకానిక్ వచ్చి చూసి పెదవి విరిచాడు. అన్నయ్య ఎండలోంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ కూర్చుని తనూ విప్పాడు. చివరికి లోపల ఏదో పోయిందని తేల్చి, బీరువాలోంచి కొత్త పార్టు తీసి వేశారు. చాలా ఖరీదైనది. అయినా కాటా తీరు మారలేదు. ముగ్గురూ దాని చుట్టూ చేరి, తలలు పట్టుకుని కూర్చున్నారు. పెద్దాయన దూరం నుంచి, "వేడికి అయ్యుంటుందేమో," అన్నాడు. దాంతో ఫ్యానుని ఇంకాస్త దగ్గరికి జరిపాను.

మధ్యాహ్నం బంగారం కొట్టు యజమాని తన కాటా కోసం తనే వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి, చేతిరుమాలుతో విసురుకుంటూ వీళ్ళ అవస్థ చూశాడు. కాటా వంక చూశాడు. ఫ్యాను వంక చూశాడు. మళ్ళీ కాటా వంక చూశాడు.

"నా కాటాకి ఏం రోగం లేదండీ," అన్నాడు తాపీగా. "మీ ఫ్యాను గాలిని తూస్తోంది."

ఫ్యాను మొహం ఇటు తిరిగినప్పుడల్లా అంకె ఎక్కుతోంది, అటు తిరిగాక దిగుతోంది. ఇరవై ఏళ్ళుగా కాటాలతో కాపురం చేస్తున్న మనిషి అన్నయ్య. ఒక క్షణం నోరు వెళ్ళబెట్టి చూసి, పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు. పొడుగు బల్లమీద తల పెట్టుకుని నవ్వాడు. పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు, కానీ పేపరు ఊగుతోంది. నాకు బల్లకింద దూరాలనిపించింది.

వదిన మధ్యాహ్నం పూట ఆఫీసుకి వచ్చి చెక్కుల పని చూసుకుని వెళ్ళేది. ఆ రోజు వచ్చి, అంతా విని, నవ్వలేదు.

"ఆ పార్టు ఎంత?"

చెప్పాను.

"ఏసీకి రెండు నెలల కరెంటు," అని తన పనిలో పడిపోయింది.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. అయితే మేలే జరిగింది. ఏసీని విప్పించి వెనకగదిలో బిగించాం. గాలి బల్లకి తగలకుండా, పైకి పోయేట్టు పెట్టించాం. తలుపు మూసి, సున్నితమైన కాటాలన్నీ ఆ గదిలోనే చూడడం మొదలైంది. చిన్నగది కాబట్టి ఇట్టే చల్లబడేది. హాల్లో మేమంతా ఫ్యాను కింద. కరెంటు బిల్లు వచ్చిన రోజు వదిన దాన్ని రెండుసార్లు చదివి, "ఊ," అంది. ఈసారి ఊ కాస్త పొడుగ్గా ఉందని నాకు అనిపించింది.

తర్వాత గుమ్మం దాటాను. మా అంతస్తులో ఇంకో రెండు ఆఫీసులు ఉండేవి. ఎదురుగా పళ్ళ డాక్టరమ్మ, పక్కన రైలు, బస్సు టికెట్లు తీసిపెట్టే ఆయన. ముగ్గురికీ మూడు రకాల నీళ్ళ క్యాన్లు వచ్చేవి, ముగ్గురు వేరువేరు మనుషులు మోసుకొచ్చేవారు. కొరియర్ల వాళ్ళు ఒకే మెట్లు రోజంతా ఎక్కి దిగేవారు. ఇంటర్నెట్ లైన్లు మూడు. ఊడ్చే మనిషి మాత్రం ఒక్కతే. ఆవిడ మూడు ఆఫీసుల్లోనూ మూడు జీతాలు తీసుకుని, వరండా మాత్రం ఎవరి వాటా కాదని వదిలేసేది.

నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ పేషెంటు నోట్లో అద్దం పెట్టి చూస్తోంది.

"అన్నీ కలిపి ఒకరి దగ్గరే తీసుకుంటే ముగ్గురికీ తగ్గుతుందండీ," అన్నాను.

"బాగానే ఉంది. కానీ ఎవరు చూస్తారు ఇవన్నీ? నాకు తల గోక్కునే తీరిక లేదు."

"నేను చూస్తాను."

"అయితే నాకేం అభ్యంతరం లేదు," అని, పేషెంటుతో, "మీకేమైనా ఉందా?" అంది. అతను నోరు తెరుచుకునే "ఆ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

టికెట్లాయన అంత తేలిగ్గా లొంగలేదు. మా లైన్లో తన వ్యవహారాలన్నీ మాకు తెలిసిపోతాయని అనుమానం. మీ టికెట్లు మాకెందుకండీ, మేం ఎటూ వెళ్ళే రకం కాదు అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకి వచ్చింది. మొత్తానికి ఒప్పుకున్నాడు. నీళ్ళు, కొరియరు, లైను, ఊడ్పు, మెట్లమీద దీపం అన్నీ ఉమ్మడి అయ్యాయి. అన్నిటికీ నేనే దిక్కయ్యాను. క్యాన్ తక్కువ వచ్చినా, పార్శిల్ దారి తప్పినా, మోటారు చెడి నీళ్ళు రాకపోయినా, "కాటాల అమ్మాయిని అడగండి" అనేవారు. పొడుగు తన తోటి మెకానిక్‌తో కూర్చుని, ఏ రోజు ఊళ్ళో ఏ వైపుకి వెళ్ళాలో ముందే పంచుకుని పెట్రోలు తగ్గించాడు. "ఇది చెప్పుకుంటే ఎవరు వింటారులే అనుకున్నానక్కా," అన్నాడు. తన ఉద్యోగం కత్తి అంచున ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనికి తెలుసనే నాకు అనిపించేది.

ఇంత చేసినా వదిన అనుకున్న చోటికి ఖర్చు దిగలేదు. ఇంకా ఒక మనిషి జీతమంత తేడా ఉండిపోయింది. ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే పాపకి గవదబిళ్ళలు వచ్చాయి. బుగ్గలు రెండూ పొంగి, మింగుడు పడక ఏడ్చేది. నేను ఇంట్లోనే ఉండిపోయాను. కంచం పక్కన కూర్చుని నేను బతిమాలుతుంటే, వదిన వచ్చి నన్ను లేపేసి, తను కూర్చుని, కథ చెబుతూ గంజి అంతా తాగించేసేది. పాప బుగ్గలు తగ్గేదాకా నేను ఆఫీసు మొహం చూడలేదు. బల్లమీద కాగితాలు కొండలా పేరుకుపోయి ఉంటాయని రోజూ దిగులే.

తిరిగి వెళ్ళేసరికి బల్లమీద ఒక్క కాగితం లేదు. దుమ్ము కూడా తుడిచి ఉంది.

"నా పని ఎవరు చేశారండీ?" అన్నాను పెద్దాయనతో. ఎవరు చేసినా ఒక మంచిమాట చెప్పాలని.

"ఏ పనమ్మా?"

"అదే, రిపోర్టులు. మూడో కాపీలు."

"ఓ, అదా." ఆయన మొహం వెలిగింది. "మూడో కాపీ ఆపేశాం అమ్మాయిగారూ. మీ పద్ధతే. మీరు రావట్లేదు కదాని ఆపి చూశాను. ఎవరూ అడగలేదు. కాగితం మిగిలింది, కుర్రాళ్ళకి రాత మిగిలింది. మీరు వినగానే సంతోషిస్తారని..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నా ఉద్దేశం అది కాదమ్మా," అన్నాడు.

"పర్వాలేదండీ. పద్ధతి అంటే పద్ధతే," అన్నాను.

వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. బీరువా తీశాను. ఏడాదిపాటు నేను వరసలు తప్పకుండా పేర్చిన ఫైళ్ళు. పెద్దాయన దగ్గర ఉన్నవే నా దగ్గరా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నీ ఒక్కసారైనా ఎవరూ తెరిచిన గుర్తు లేదు. ఇన్నాళ్ళూ అది నాకు తట్టనే లేదు. ఆఫీసులో అన్నీ ఆపి చూసిన మనిషిని, ఆ మూడో కాపీ దగ్గరికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఉద్యోగం అని ఊరంతా చెప్పుకుంటున్నది నాకోసం కల్పించిన పని. అన్నయ్య నాకు అన్నం పెట్టడమే కాకుండా, ఆ అన్నం నేనే సంపాదించుకుంటున్నాననే నమ్మకం కూడా పెట్టాడు.

పొడుగు వెనకగదిలోంచి వచ్చి, ఆడపిల్ల పుట్టిందని స్వీటు చేతిలో పెట్టాడు. మీరు రావాలని ఆగానక్కా అన్నాడు. తిన్నాను. అప్పుడే నిశ్చయించుకున్నాను, వెళ్ళాల్సింది ఎవరో.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదిన వంటింట్లో నేలమీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ గుప్పెడు తీసుకున్నాను.

"వదినా, నీ లెక్కకి ఇంకా ఒక జీతమంత తక్కువైంది కదా. దొరికింది."

"ఎక్కడ?"

"నా కుర్చీలో. వారం దాటి ఆపి చూశాం. ఎవరూ అడగలేదు."

వదిన చేతులు ఆగలేదు. "తెలిసిందా మొత్తానికి," అంది.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేం. ఆ కుర్చీ వేయించిందే నేను. మూడో కాపీ పెట్టించిందీ నేనే."

నా చేతిలోని కాయ జారి గిన్నెలో పడింది. "అన్నయ్య వేయించాడనుకున్నాను," అన్నాను ఎలాగో.

"మీ అన్నయ్య నిన్ను ఇంట్లోనే హాయిగా కూర్చోమన్నాడు. చెల్లెలు ఎండలో ఆఫీసుకి పోవడమేంటన్నాడు. ఆయన మంచితనం ఆయనది. నువ్వు వచ్చిన కొత్తల్లో చూశాను కదా, అన్నం పెడితే సగం తిని లేచిపోయేదానివి. పాప ఇంకో ముద్ద అడిగితే దాని వంక గుడ్లురిమేదానివి. జీతం చేతికొచ్చిన నెల నుంచి కడుపునిండా తిన్నావు." ఒలిచిన తొక్కలు పక్కకి నెట్టింది. "అదే నాకు కావలసింది. మూడో కాపీకి ఎంతవుతుందిలే అనుకున్నాను."

ఏడాదిగా ఎవరి చూపులకి తప్పుకు తిరిగానో, నా ప్రతి ముద్దనీ కనిపెట్టింది ఆవిడే. చెయ్యి పట్టుకున్నాను. ఆమెకి అలాంటివి చేతకావు. చెయ్యి విడిపించుకుని, నా చేతిలో ఒక చిక్కుడుకాయ పెట్టింది.

"అయితే ఇప్పుడు పరిస్థితి వేరు," అన్నాను. "పొడుగు ఇచ్చిన స్వీటు ఇవాళే తిన్నాను. అతన్ని తీసేసి నన్ను ఉంచితే ఆ కుర్చీలో నేను కూర్చోలేను. నేను మానేస్తాను వదినా. బయట ఏదైనా చూసుకుంటాను."

"మానెయ్," అంది వదిన. "ఆ పని అక్కర్లేదు, నిజమే. నువ్వు అక్కర్లేదని ఎవరన్నారు?"

"ఎవరూ అడగలేదుగా."

"మన ఆఫీసులో అడగలేదు. ఎదురుగదిలో రోజూ అడిగారు. రెండోరోజే డాక్టరమ్మ వచ్చింది, మీ ఆడపడుచు ఏదీ, నీళ్ళ మనిషి నా మాట వినట్లేదు అని. టికెట్లాయన పార్శిల్ ఎవరింటికో పోయి తిరిగొచ్చింది. ఆయన నా ముందు నిలబడి, ఆవిడ లేకపోతే ఈ అంతస్తు నడవదమ్మా అన్నాడు. ఆయన నోట అంత మాట వచ్చిందంటే చూసుకో. పై అంతస్తులో ఒకావిడ కూడా వచ్చి వాకబు చేసి వెళ్ళింది. నీళ్ళు ఉమ్మడి, కొరియరు ఉమ్మడి. మనిషి మాత్రం ఎందుకు కాకూడదు?"

"ఉమ్మడా?"

"నీ జీతంలో మా వాటా మేమిస్తాం. మిగిలింది వాళ్ళిస్తారు. ధర్మానికి కాదు, పని చేయించుకుని. మాకు ఖర్చు దిగుతుంది, పొడుగు ఉంటాడు. నేను వాళ్ళతో ఏమీ మాట్లాడలేదు. అడగాల్సింది నువ్వు. ఎంత కావాలో కూడా నువ్వే చెప్పుకో."

"నాకు అడగడం చేతకాదు వదినా."

"టికెట్లాయన్ని ఒప్పించిన మనిషివి," అంది వదిన, గిన్నె పట్టుకుని లేస్తూ.

నాకు పరీక్ష పెట్టిందనుకున్నాను కదా. "మరి ఈ ఖర్చుల పని నాకెందుకు అప్పజెప్పావు?" అని అడిగాను ఆమె వెనకాలే వెళ్ళి.

"ఆ బీరువా పక్కన నువ్వు కునికిపాట్లు పడుతుంటే చూడలేక."

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మం ముందు మూడుసార్లు వెనక్కి తిరిగి ఉంటాను. నేను నోరు తెరిచి నా ధర చెప్పగానే ఆమె, "ఇంకా ఎక్కువ అడుగుతారనుకున్నాను," అంది. టికెట్లాయన బేరమాడాడు. నేనూ ఆడాను. జీవితంలో మొదటిసారి నాకోసం నేను బేరమాడాను. పైఅంతస్తావిడ నెల తిరక్కుండా చేరింది. నా బల్లని మెట్ల పక్కన వరండాలోకి మార్చుకున్నాను, అందరికీ అందుబాటులో ఉంటానని. బల్ల మోయడానికి పొడుగే వచ్చాడు. అతన్ని తీసేసే ఊసు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అన్నయ్య మాత్రం కొన్నాళ్ళు నా వంక తిన్నగా చూడలేకపోయాడు. ఒకరోజు మెట్లు దిగుతూ ఆగి, "నీకు చెప్పకుండా అలా చేసినందుకు కోపమా చెల్లీ?" అన్నాడు. "నాకు ఈ జన్మలో మీ ఇద్దరి మీద కోపం రాదు అన్నయ్యా," అన్నాను. అది ఉన్న మాట. ఆ లేని ఉద్యోగం లేకపోతే, ఉన్న ఉద్యోగం దాకా నేను బతికి వచ్చేదాన్ని కాదు.

నాలుగు ఆఫీసుల జీతం మొదటిసారి కలిపి చేతికొచ్చిన రోజు సాయంత్రం వాన. తడిసి ఇంటికి చేరాను. అన్నయ్య, వదిన, పాప భోజనాలకి కూర్చుంటున్నారు. తల తుడుచుకుని, పర్సులోంచి కొంత తీసి వదిన ముందు పెట్టాను.

"ఏమిటిది?" అన్నాడు అన్నయ్య.

"ఇంటి ఖర్చులోకి."

"నీకేమైనా మతి పోయిందా? చెల్లెలి దగ్గర డబ్బు తీసుకునే స్థితికి వచ్చామా మనం? తీసెయ్ ముందు."

నేను తియ్యలేదు. కొత్తలో జీతం అందిన ప్రతినెలా ఇలాగే ఇవ్వబోయేదాన్ని. వదిన కళ్ళెత్తకుండా వెనక్కి నెట్టేసేది. నా డబ్బు కూడా ముట్టుకోదని అప్పట్లో గదిలోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

వదిన డబ్బు చేతిలోకి తీసుకుంది. నిదానంగా, నా ముందే లెక్కపెట్టింది. లేచి వెళ్ళి ఇంటి ఖర్చుల డబ్బాలో వేసి, మూతపెట్టి వచ్చి కూర్చుంది.

"అదేంటే?" అన్నాడు అన్నయ్య. "ఇన్నాళ్ళూ వద్దన్నదానివి."

"అప్పుడు అది మన డబ్బు. మనమిచ్చి మనమే తీసుకోవడం ఎందుకని," అంది వదిన. "ఇది దానిది."

నేను కంచం ముందు కూర్చున్నాను. వదిన అన్నం వడ్డించింది. చాలు అన్నాను. ఆమె ఇంకో గరిటె వేసింది. వద్దనకుండా తిన్నాను.